ఆరడుగుల మూడంగుళాల గది

ముప్పై నాలుగు ప్లాన్లు దిద్దాలి. ఎర్ర పెన్సిలు చెక్కి పెట్టుకుని మొదటిది విప్పాను. రెండో సంవత్సరం సివిల్ పిల్లలు కంప్యూటర్‌లో గీసి, ప్రింటు తీసి తెచ్చిన ఇళ్ళు అవి. ఎవరికి నచ్చిన ఇల్లు వాళ్ళు ఊహించుకుని గీయమన్నాం. మొదటిది ఎర్రన్నది. వంటింటి పక్కన చిన్న గది పెట్టాడు. దానికి తలుపు లేదు. కిటికీ లేదు. నాలుగు గోడలూ నిక్షేపంగా కలిసిపోయి ఉన్నాయి. "లోపలికి ఎట్లా పోతావు నాయనా, పైనుంచి దూకుతావా?" అని పక్కన రాసి మార్కులు కోసేశాను.

రెండోది ప్రసూనది. అందులోనూ తలుపు లేని గది. మూడోదాంట్లో, నాలుగోదాంట్లో కూడా అంతే. పదో కాగితానికి వచ్చేసరికి రాయడం మానేసి ఊరికే సున్నా చుడుతూ పోయాను. నిజం చెప్పాలంటే, లోపల నాకు పండగలా ఉంది. నా పేరు ఈశ్వరప్ప. అనంతపురం ఊరి బయట, గుట్ట కింద ఉన్న ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఇరవై ఆరేళ్ళుగా డ్రాయింగు చెబుతున్నాను. బోర్డు, టీ-స్క్వేరు, పెన్సిలు తప్ప నాకింకో లోకం లేదు. కంప్యూటర్లు వచ్చాక పిల్లల బుర్రలకు తుప్పు పడుతోందని ఐదేళ్ళుగా స్టాఫ్ రూములో గొంతు చించుకుంటున్నాను. విన్న నాథుడు లేడు. ఇప్పుడు సాక్ష్యాలు కట్టగా నా బల్ల మీదికే వచ్చాయి.

కాపీ అనే అనుకున్నాను. కానీ కాగితాలన్నీ పరిచి చూస్తే కాపీ కాదని తెలిసిపోతోంది. ఎర్రన్న ఇల్లు తూర్పు ముఖం, ప్రసూన ఇల్లు ఉత్తర ముఖం. ఒకడు డాబా మీద మెట్లు వేశాడు, ఇంకొకడు మధ్యలో వాకిలి వదిలాడు. ఒకరి ఇల్లు ఇంకొకరి ఇంటిలా లేదు. ఆ గది మాత్రం ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. లోపలి కొలత పొడవు ఆరడుగుల మూడంగుళాలు, వెడల్పు ఆరడుగుల మూడంగుళాలు. ముప్పై మూడు కాగితాల్లో ఒక్క అంగుళం తేడా లేదు. నైరుతి మూలన, గోడకు ఆనుకుని, ఒక చిన్న గుండ్రం కూడా ఉంది. దాని పక్కన ఏ పేరూ రాయలేదు.

ముప్పై నాలుగో కాగితం జయంతిది. దాన్ని కావాలనే ఆఖరుకు దాచుకున్నాను.

జయంతి రాయదుర్గం వైపు ఒక చిన్న పల్లె పిల్ల. వాళ్ళ నాయన తిప్పయ్యకు కాస్త మెట్ట, కొన్ని గొర్రెలు. మొదటి సంవత్సరంలో చేత్తో గీసిన ఇల్లు నాకింకా గుర్తుంది. వాళ్ళ అవ్వ మారెక్క మోకాలి ఎత్తుకు సరిపోయేట్టు గడప ముందు మెట్టు పెట్టింది. అవ్వ పడుకునే చోట గోడలో జానెడు సందు వదిలింది. ఎందుకని అడిగితే, అవ్వ పడుకున్నచోటి నుంచే గొర్రెల దొడ్డి చూసుకోవడానికి అని చెప్పింది. ఇరవై ఆరేళ్ళలో అలాంటి సందు గీసిన విద్యార్థి ఇంకొకరు లేరు. ఆ రోజు నా సొంత పెన్సిళ్ళ డబ్బా ఆ పిల్లకు ఇచ్చేశాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ డబ్బా ఎక్కడ అని అడుగుతూ ఉంటుంది.

ఈసారి జయంతి ఇల్లు ఉత్త ఊహ కాదు. తిప్పయ్య నిజంగానే ఇల్లు కడుతున్నాడు. కూతురు గీసిన కాగితమే మేస్త్రీ బాలప్ప చేతికి ఇచ్చాడు. గురువారం ముగ్గు పోసి పునాది తవ్వాలి. మూడేళ్ళుగా వాన లేని ఊళ్ళో ఒక ఆడపిల్ల గీసిన ఇల్లు లేస్తుందంటే చిన్న విషయం కాదు. కాగితం విప్పాను. మెట్టు లేదు. గోడలో సందు లేదు. వంటింటి పక్కన తలుపు లేని గది ఉంది, మూలన గుండ్రం ఉంది. నాకు పండగ అంతా దిగిపోయింది.

మర్నాడు సోమవారం క్లాసులో కాగితాలన్నీ బల్ల మీద వేశాను.

"ఈ గది ఏందిరా?" అన్నాను.

"స్టోరు రూము సార్" అన్నాడు ఎర్రన్న. "దేవుని గది" అన్నది ప్రసూన. వెనక బెంచీ నుంచి ఎవడో "ఏమో సార్, ఉండల్ల కదా" అన్నాడు.

"తలుపు లేని దేవుని గదిలోకి పూజారి యాడనుంచి వస్తాడమ్మా? సరే, ఈ గుండ్రం ఏమి?"

ఎర్రన్న స్తంభం అన్నాడు. ప్రసూన రోలు అంది. జయంతి లేచి నిలబడి తన కాగితం కేసి చూసింది. "తెలీదు సార్. ఎవరో కూచున్నట్టుండాది" అని మాత్రం అన్నది.

క్లాసంతా నవ్వుతుందనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు.

కంప్యూటర్ ల్యాబు చూసే కిరణ్ దగ్గరికి పోయాను. కిరణ్ నా కంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడు. ఇక్కడే చదివి, ఇక్కడే ల్యాబులో చేరాడు. మంచి కుర్రవాడే గానీ, నేను ఎన్నడూ ఆ ల్యాబు గడప తొక్కకపోవడంతో నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా కిరణ్, నీ మిషన్ నా పిల్లోళ్ళకు ఏమి పెడతాండాది?" అన్నాను.

అతను ఒక ప్లాను తెర మీదికి తెచ్చి, ఆ గది మీద నొక్కి చెరపబోయాడు. పోలేదు. కాసేపు ఏవో మీటలు నొక్కి, తర్వాత నా కేసి తిరిగాడు.

"తప్పు నాదే సార్. కంప్యూటర్‌లో కొత్త షీటు మొదలుపెట్టాలంటే కొలతలు, బోర్డరు, పేరు రాసే పెట్టె, అన్నీ మొదటినుంచి చేసుకోవల్ల. అది పెద్ద పని. అందుకని అందరం ఒకే పాత ఫైలు తెరుస్తాము. లోపలుండేది చెరిపి, మనది గీసి, వేరే పేరుతో దాచుకుంటాము. నేనూ అట్లనే నేర్చుకున్యా. పిల్లోళ్ళు బోర్డరు చెరపకుండా ఆ పొరకు తాళం ఏసుండాది. ఈ గది గూడా ఆ తాళం పొరలోనే ఉండిపోయింది."

పొర అంటే ఏమిటో అడిగాను. ట్రేసింగ్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నట్టు అని చెప్పాడు. అది నాకు అర్థమైంది.

"అంటే ఐదేండ్లుగా ఒక్కడు గూడా తెల్ల కాగితం మీద గీయలేదు" అన్నాను.

"లేదు సార్. ఆ గది ఎట్లాగూ ఉండాది కదా అని దాని చుట్టూ ఇల్లు కట్టుకుంటా వచ్చినారు."

ఇంకేముంది, దొంగ దొరికాడు. తాళం తీసి ఆ గదిని చెరిపేయమన్నాను. చెరిపేముందు కిరణ్ ఆ పొరలో అడుగున ఉన్న పేరు చూపించాడు. ఓబులేష్, 1998. పక్కన వజ్రకరూరు దగ్గర ఒక పల్లె పేరు. మొదటి బ్యాచిలో కంప్యూటర్ నేర్చిన మొదటి విద్యార్థి అట, నడుమ చదువు మానేశాడట. ఆ పేరు నాకు ఎక్కడో విన్నట్టుంది గానీ ముఖం గుర్తు రాలేదు. కిరణ్ మీట నొక్కాడు. గది పోయింది, గుండ్రం పోయింది. తెర తెల్లగా అయ్యింది.

ఆ మధ్యాహ్నమే పిల్లలందరి ముందూ ఆ తెల్ల షీటు తెరిపించాం. ఇంక గీయండి అన్నాం. ముప్పై నలుగురూ మౌసు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. గంట గడిచింది. ఒక్క తెర మీద కూడా గీత పడలేదు. పిల్లలు అల్లరి చేయడం లేదు, బద్ధకంగానూ లేరు. ఎవరో ఏదో చెబుతారని కనిపెట్టుకున్నట్టు అందరూ తెర కేసే చూస్తున్నారు. కరెంటు పోయి తెరలు నల్లబడినా ఎవరూ తల తిప్పలేదు. నాకు ఆ ల్యాబులో ఉండాలనిపించలేదు.

మంగళవారం పిల్లల్ని నా డ్రాయింగు హాలుకు తీసుకుపోయాను. బోర్డుకు బోర్డుకు మధ్య బారెడు దూరం పెట్టించి, తెల్ల కాగితాలు అంటించి, పెన్సిళ్ళు ఇచ్చాను. ఇక్కడ మిషన్ లేదు, పొర లేదు, తాళం లేదు. నా రాజ్యం ఇది. మొదట తడబడ్డారు, తర్వాత పెన్సిళ్ళు కదిలాయి. ఆ చప్పుడు విని నా ప్రాణం లేచి వచ్చింది. చేతులు వెనక కట్టుకుని బోర్డుల మధ్య దర్జాగా తిరిగాను.

మూడో బోర్డు దగ్గర ఆగిపోయాను. ఎర్రన్న వంటింటి పక్కన గోడ గీస్తున్నాడు. నాలుగు వైపులా కలిపాడు. తలుపు వదల్లేదు. మూలన గుండ్రం పెట్టాడు. స్కేలు అడిగి తీసుకుని కొలిచాను. ఆరడుగుల మూడంగుళాలు. పక్క బోర్డుకు పోయాను. దాని పక్కదానికి పోయాను. ఆ తర్వాత కొలవడం మానేశాను.

సాయంత్రం జయంతి స్టాఫ్ రూము ముందు నిలబడి ఉంది. చేతిలో కాగితాల చుట్ట.

"హాస్టల్లో పదకొండు సార్లు గీసినాను సార్. పదకొండు సార్లూ అదే వచ్చింది. ఎల్లుండి ముగ్గు పోస్తారు. మా అవ్వ కోసం గీద్దామని కూచుంటే, ఇంకెవరి కోసమో గీస్తాండాను. ఆ మూలకు పోతే నా చెయ్యి నా మాట వినదు."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఇన్నేళ్ళలో ఒకే ఒక్క నిజమైన చెయ్యి నా దగ్గరికి వచ్చింది, అదీ పోతోందని భయం వేసింది.

"ఇట్లా తే, నేను గీసిస్తాను" అని కాగితం లాక్కున్నాను. కంప్యూటర్ ముట్టని చెయ్యి నాది. గడప గీశాను, పడసాల గీశాను, వంటిల్లు గీశాను. జయంతి "సార్" అంది మెల్లగా. అప్పుడు చూసుకున్నాను. నా పెన్సిలు నాలుగో గోడ కలుపుతోంది. చెయ్యి ఆపుదామనుకున్నాను. మూలన గుండ్రం చుట్టాకే ఆగింది.

బుధవారం పొద్దున్నే ఓబులేష్‌ను వెతుక్కుంటూ నేనూ జయంతీ వజ్రకరూరు బస్సెక్కాం. అక్కడ దిగి ఆ పల్లెకు మూడు మైళ్ళు నడిచాం. తొలకరి పడితే వజ్రాల కోసం జనం వంగి వంగి వెతికే చేలు అవి. ఇప్పుడు నెర్రెలిచ్చి, ఒక్క మనిషి లేకుండా పడి ఉన్నాయి. ఓబులేష్ ఇల్లు ఎవరినీ అడగలేదు. వీధి మలుపులోనే జయంతి ఆగి, "అదే సార్" అంది. ముఖం, గడప, కుడి చేతి వైపు అరుగు, అన్నీ మాకు తెలుసు. నిన్న ఆ గది చుట్టూ మా ఇద్దరి చేతులూ గీసిన ఇల్లు అదే.

ఓబులేష్ పడసాలలో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. నన్ను చూసి గబగబా లేచాడు.

"ఈశ్వరప్ప సారు. ఇంత దూరం వచ్చినారే. కూచోండి సార్."

నేను కూర్చున్నాను. జయంతి మాత్రం లోపలికి వచ్చి, వంటింటి పక్కన ఒకచోట అడుగు పెట్టబోయి, అలాగే వెనక్కి తగ్గింది. అక్కడ నేలలో పెద్ద నాపబండ పరిచి ఉంది. దాని అంచులు మట్టితో మెత్తి ఉన్నాయి.

"ఇదేమన్నా?" అని అడిగింది.

"పాతరమ్మా" అన్నాడు ఓబులేష్. "మా జేజి నాయన కాలంలో జొన్నలు పోసుకునేది. నేల కింద నాలుగు పక్కలా ఆరడుగుల చిల్లర ఉంటాది, చుట్టూ బండలు కట్టినారు."

నేను సంచిలోంచి జయంతి ప్లాను తీసి అతని చేతికిచ్చాను. అతను చూశాడు. ముఖంలో ఆశ్చర్యం కనపడలేదు.

"దీన్ని ఇంకా గీస్తాండారా సార్?"

"అందరూ గీస్తాండారు. చేత్తో గీసినా వస్తాండాది. ఇది ఏందో చెప్పు నాయనా."

అతను శెనక్కాయల చాట పక్కకు జరిపాడు.

"తొంబై ఏడులో పంట పోయింది సార్. ఇంట్లో గింజ లేదు. పదేండ్లుగా మూసిన పాతర, అడుగున నాలుగు జొన్నలైనా మిగిలుంటాయని మా అమ్మ ఆశపడింది. బండ తీసిన ఎంబడే దిగింది. మూసిన పాతరలో చెడ్డగాలి ఉంటాది, తెరిస్తే గాలి ఆడనీయల్ల, దీపం దించి చూడల్ల. దీపం నిలిస్తేనే మనిషి దిగల్ల. ఆమెకు తెలీదనా? తెలుసు. ఆకలికి ఆగలేకపోయింది. నేను పైనుంచి పిలిస్తే పలకలేదు. ఆ మూలన గోడకానుకొని, అలిసిపోయి కూచున్నట్టు కూచోనుండాది."

అతను ప్లాను మీద ఆ గుండ్రాన్ని వేలితో తాకాడు. జయంతి తల వంచుకుంది.

"మీ అమ్మ పేరేమన్నా?" అని అడిగింది.

"గంగాదేవి. ఆమెను బయటికి తీసి, సాగనంపి, బండ మూసేసినాము. మళ్ళా ఎవరూ తెరవలేదు. కానీ నేను కండ్లు మూస్తే ఆమె ఇంకా ఆడనే ఉండాది. మరుసటేడు కాలేజీలో మీరు సొంతిల్లు గీయమన్నారు సార్. గీసినాను. భూమి కిందుండేదాన్ని చుక్కల గీతతో గీయల్లని మీరే చెప్పినారు. చుక్కల గీతతోనే గీసినాను. కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఆ చుక్కల కొలత నాకు సరిగా పెట్టను రాలేదు, నిండు గీత మాదిరి కనపడింది. అందుకే అందరికీ గది అనిపించింటాది."

"ఆ గుండ్రం గురించి నాకు చెప్పినావా?" అన్నాను.

ఓబులేష్ లోపలికి వెళ్ళి ఒక పాత డ్రాయింగు షీటు తెచ్చాడు. మడతల దగ్గర చిరిగింది. చేత్తో గీసిన ఇల్లు. చుక్కల గీతల పాతర. మూలన గుండ్రం, దాని మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా రెండు గీతలు. పక్కన నా చేతిరాత: "అనవసరం."

నాకు గుర్తు లేదు. అంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది. ఒక పిల్లవాడు తన తల్లిని గీసి తెచ్చి నా ముందు పెడితే, ఇదేమని అడగకుండా కొట్టేశాను. ఆ తర్వాత ముప్పై కాగితాలు దిద్ది, ఇంటికి పోయి అన్నం తిని ఉంటాను.

"మీ తప్పు ఏముండాది సార్" అన్నాడు ఓబులేష్. మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్నాడు, అదే నాకు కష్టంగా ఉంది. "కాగితం మీదయితే ఎవరన్నా కొట్టేస్తారు. కంప్యూటర్‌లో తాళం ఏయొచ్చని తెలిసింది. ఏసినాను. ఇంక నాకు చదువు మీద మనసు లేదు, వచ్చేసినాను. ఆమె ఆడ భద్రంగా ఉంటాదిలే అనుకున్యా."

మేం సోమవారమే చెరిపేశామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పినా లాభం లేదు. ఆమె ఆ పొరలో లేదని అందరికంటే నాకే బాగా తెలుసు.

జయంతి బండ పక్కన కూర్చుని దాని అంచు మట్టిని గోటితో గీకుతోంది.

"అన్నా, దీన్ని తెరిసి గాలి ఆడనిద్దాము. మూసిపెట్టి ఆరేండ్లాయ. మా అవ్వ చెప్తాది, పాతర తెరిస్తే మూడు పొద్దులు తెరిసే ఉంచల్లని."

ఓబులేష్ లోపలికి వెళ్ళి గడ్డపార తెచ్చాడు. ముగ్గురం కలిసి బండ లేపాం. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ మండిపోతోంది. లోపలి నుంచి వచ్చిన చలి నా కాళ్ళకు తగిలింది. పాత జొన్నల వాసన, మట్టి వాసన. జయంతి దీపం వెలిగించి, గిన్నెకు తాడు కట్టి దించింది. రెండు మూరలు దిగకముందే దీపం ఆరిపోయింది. గాలి వీచింది లేదు, తాడు ఊగింది లేదు. మళ్ళీ వెలిగించి దించింది. మళ్ళీ అక్కడే ఆరింది.

"మూయొద్దన్నా" అంది జయంతి. "దీపం నిలిచేదాకా మూయొద్దు."

గురువారం పొద్దున జయంతి వాళ్ళ పల్లెకు పోయేసరికి బాలప్ప ముగ్గు పోస్తున్నాడు. ఒక చేతిలో ప్లాను, ఇంకో చేతిలో సున్నపు డబ్బా. ముందు గది, వంటిల్లు అయిపోయాయి. ఇప్పుడు ఆ నాలుగు గోడల గది చుట్టూ తెల్ల గీత మూసేస్తున్నాడు.

"ఏమప్పా బాలప్పా, దానికి వాకిలి లేకుంటే ఎట్లా కడతావు?" అన్నాను.

"కాగితంలో లేదు కదా సార్. పోయినేడు గోరంట్ల దిక్కు ఒకాయన ఇంట్లో గూడా ఇట్లనే ఉండ్య. మీ కాలేజీ పిల్లోడే గీసినాడు. కట్టినాను, నాలుగు పక్కలా మూసేసినాను. ఎండాకాలంలో గూడా ఆ గోడ మంచు మాదిరి సల్లగుంటాదంట. వాళ్ళింట్లో కోళ్ళు ఆ గోడ పక్కకు పోవంట."

ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఆమెను గోడలు కట్టి మూశారో నేను లెక్క వేయదలచుకోలేదు. జయంతి ముగ్గు గీత పక్కన నిలబడి ఉంది. చేతిలో పుల్ల ఉంది. గీయడం లేదు.

అవ్వ మారెక్క కర్ర పొడుచుకుంటూ వచ్చింది. తన ఇంటి గీతల మధ్య ఒక్కొక్క అడుగే వేస్తూ, అన్ని గదులూ తిరిగి, ఆ గది దగ్గర ఆగింది.

"ఇది ఎవరిదే?" అని మనవరాలిని అడిగింది.

"గంగాదేవి అని ఒకమ్మ అవ్వా. ఆ మూలన కూచోనుంటాది."

అవ్వ ఎవరా గంగాదేవి అని అడగలేదు. మూల కేసి ఒకసారి చూసింది.

"మనిషుంటే వాకిలి పెట్టల్ల కదే పిచ్చిదానా. ఎట్లా బయటికొస్తాది?"

జయంతి వంగి, తూర్పు వైపు గీతను అరచేత్తో చెరిపింది. రెండున్నర అడుగులు. సున్నం చేతికి అంటుకుంది. పావడకు తుడుచుకుని పుల్ల తీసుకుంది. వాకిలి ముందు ఒక అరుగు గీసింది. అరుగు పక్కన మెట్టు గీసింది, అవ్వను పిలిచి మోకాలి ఎత్తు కొలుచుకుంది. తర్వాత అటు గోడ దగ్గరికి పోయి, "బాలప్పన్నా, ఈడ జానెడు సందు వదలల్ల, పడుకున్నోళ్ళకు దొడ్డి కనపడల్ల" అని చెబుతూ ఉంది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. కళ్ళల్లో సున్నం పడిందని బాలప్పతో అన్నాను.

ఆదివారం పోయి, మరుసటి వారం నాకు కార్డు వచ్చింది. ఓబులేష్ రాశాడు. మూడో రోజు సాయంత్రం దీపం నిలిచిందట. తనే దిగి చూశాడట. అడుగున జొన్న పొట్టు తప్ప ఏమీ లేదట. బండ మాత్రం మళ్ళీ మూయలేదని, మనిషి పడకుండా చుట్టూ పిట్టగోడ కట్టించి వదిలేశానని రాశాడు.

ఆ ఏడాది పిల్లల చేతులు మెల్లగా వాళ్ళకు తిరిగొచ్చాయి. కిరణ్ తెల్ల షీటు మీద మొదలుపెట్టడం నేర్పించాడు. నేను అప్పుడప్పుడూ ల్యాబుకు పోయి వెనక కూర్చునేవాణ్ణి. ఆ మిషన్ మీద నాకు ఇప్పుడు పాత కోపం లేదు. దానికి అర్థం తెలియకపోయినా పెట్టినదాన్ని పెట్టినచోటే ఉంచింది. అర్థం అడగవలసిన వాణ్ణి నేను.

జూలైలో కొత్త పిల్లలు వచ్చారు. వీళ్ళు ఇంకా కంప్యూటర్ ముఖం చూడలేదు. ఓబులేష్ పేరు ఎవరికీ తెలియదు. సొంతిల్లు గీయమని బోర్డులు ఇచ్చాను. గంట తర్వాత బోర్డుల మధ్య నడిచాను. ఏ బోర్డు మీదా ఆ గది లేదు. ఇళ్ళన్నీ తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరగబోయాను. అప్పుడు కనపడింది.

మొదటి బోర్డులో, వంటింటి గడప మీద, చిన్న గుండ్రం. రెండో బోర్డులో బావి పక్కన. మూడోదాంట్లో చింతచెట్టు కింద. అరవై బోర్డులూ తిరిగి చూశాను. ప్రతి ఇంట్లో ఉంది, ప్రతి ఇంట్లో వేరే చోట. ఒక్క ఇంట్లోనూ మూలన లేదు.

చివరి బోర్డు దగ్గర ఒక పిల్ల కూర్చుని ఉంది. గుండ్రాన్ని అరుగు చివర పెట్టింది. నా చేతిలో ఎర్ర పెన్సిలు చూసి రబ్బరు తీసుకుంది.

"అనవసరమా సార్? చెరిపేస్తాను."

"వద్దమ్మా. ఎవరిది?"

ఆ పిల్ల కాగితం కేసి చూసింది. "తెలీదు సార్. ఎవరో అమ్మ, ఎండలో కూచోనుండాది" అంది.

నేను ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకుని, ఆ అరుగు కాస్త వెడల్పు చేయమని చెప్పాను.